1755 దగ్గర తెగిపోయిన వంశం: అకేడియన్ ఫైలు చేతికొస్తే

ఫ్రెంచ్ నేర్చుకుంటే మన దగ్గర ఏం ఉద్యోగం వస్తుందని అడిగితే అనువాదం, కస్టమర్ సపోర్ట్, కాదంటే ట్యూషన్లు అంటారు. చాలామందికి తట్టని పని ఇంకొకటి ఉంది. అమెరికా, కెనడాల్లో తమ పూర్వీకుల కోసం వెతుక్కునే కుటుంబాలకు పాత రికార్డులు చదివి వంశచరిత్ర రాసిపెట్టడం. గంటల లెక్కన డబ్బు తీసుకుని, ఎక్కువ భాగం ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఇఫ్లూలోనో, అలయాన్స్ ఫ్రాంసేజ్‌లోనో చదివి ఇటువైపు వచ్చినవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మెయిల్ వస్తుంది: మా పూర్వీకుడు అకేడియన్, 1755లో ఇంగ్లీషువాళ్లు ఊరి నుంచి వెళ్లగొట్టారట, ఆయన ఎవరి కొడుకో తేల్చి చెప్పండి.

ఒప్పుకునే ముందు ఆ పని ఎలాంటిదో తెలిసుండాలి. ఫ్రెంచ్ వస్తే సరిపోదు. ఒక తరానికీ మరో తరానికీ మధ్య సముద్రం ఉంటుంది. అవతలి ఒడ్డున కనబడిన మనిషే ఇవతలి ఒడ్డున కనబడిన మనిషి అని కాగితాలతో నిరూపించాలి. ఈ ఫైళ్లలో పొరపాట్లన్నీ దాదాపుగా ఆ ఒక్క చోటే జరుగుతాయి.

పనికి కావలసినంత చరిత్ర చెబుతాను. ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ ప్రాంతాలను ఫ్రెంచివాళ్లు అకాదీ అన్నారు. 1605లో పోర్ట్ రాయల్ కట్టారు. కుటుంబాలతో వచ్చి స్థిరపడటం 1630లలో మొదలైంది. సముద్రపు పోటు నీటికి కట్టలు వేసి, ఉప్పు నేలను సాగులోకి తెచ్చుకున్న రైతులు వీళ్లు. 1713లో యూట్రెక్ట్ ఒప్పందంతో అందులో నోవా స్కోషియా ప్రధాన భూభాగం బ్రిటన్ చేతికి పోయింది. ఫ్రాన్సుతో యుద్ధం వస్తే ఆయుధం పట్టబోమనీ, రాజుకు షరతుల్లేని ప్రమాణం మాత్రం చెయ్యబోమనీ అకేడియన్లు నలభయ్యేళ్లు నెట్టుకొచ్చారు. 1755లో లెఫ్టినెంట్ గవర్నర్ చార్లెస్ లారెన్స్, ఆయన కౌన్సిల్ కలిసి వాళ్లను మొత్తంగా తరలించాలని తీర్మానించారు. ఆ సెప్టెంబరు 5న గ్రాన్ ప్రే చర్చిలోకి 418 మంది మగవాళ్లను, మగపిల్లలను పిలిపించి, భూమి, గొడ్డు, గోదా రాజువి అయిపోయాయని కర్నల్ జాన్ విన్‌స్లో చదివి వినిపించాడు. ఇక్కడ మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, విన్‌స్లో దినచర్య రాసుకున్నాడు. అందులో ఆ మగవాళ్ల పేర్ల జాబితా ఉంది. ఎవరికి ఎంతమంది కొడుకులు, కూతుళ్లు, ఎన్ని ఎడ్లు, ఆవులు, గొర్రెలు, పందులు, గుర్రాలు అన్నది కూడా ఉంది. వెళ్లగొట్టినవాడు రాసిన ఆ లెక్కే ఇప్పుడు మనకు ఆధారం.

క్లయింటుతో మొదటిసారి మాట్లాడేటప్పుడే ఒక సంగతి తేల్చుకోండి. పని పోర్ట్ రాయల్ నుంచి ముందుకు సాగదు, క్లయింటు దగ్గర మొదలై వెనక్కి పోతుంది. చాలామంది ఇంటిపేరు చూసుకుని, ఇంటర్నెట్‌లో ఆ ఇంటిపేరున్న తొలి వలసదారుణ్ని పట్టుకుని, ఈయనే మా మూలపురుషుడు, మధ్యలోది నింపండి అంటారు. మర్యాదగానే కాదనండి. అమ్మానాన్నల పుట్టుక పత్రాలు, తాతల పెళ్లి రికార్డులు, ఇంట్లో ఉన్న బైబిల్లో రాతలు, సమాధి రాళ్ల ఫోటోలు ఏమున్నాయో అడిగి తెప్పించుకోండి. బతికున్నవాళ్ల వివరాలు ఎవరికీ ఇవ్వనని రాతపూర్వకంగా మాటివ్వండి. కొందరు ఎవాంజలిన్ మా ముత్తవ్వ అని కూడా అంటారు. ఆమె 1847లో లాంగ్‌ఫెలో రాసిన కావ్యంలో నాయిక, కల్పిత పాత్ర. ఈ సంగతి మొదటి కాల్‌లోనే చెప్పేయడం మంచిది. రిపోర్టు చేతికొచ్చాక తెలిస్తే మీమీద కోపం వస్తుంది.

ఇక పేర్లు. అకేడియన్ ఇంటిపేర్లు తక్కువ. లెబ్లాన్, లాండ్రీ, ఎబేర్, బూద్రో, తెరియో, కొమో, రిషార్ లాంటివి కొన్ని పదులు వేల మందిని మోస్తుంటాయి. జోసెఫ్, మరీ, జాన్, మార్గరీత్ అనే పేర్లు ప్రతి ఇంట్లో ఉంటాయి. ఒకే ఊళ్లో ఒకే వయసు జోసెఫ్ లెబ్లాన్లు ముగ్గురు నలుగురు తగిలితే ఆశ్చర్యపోకండి. వాళ్లను వేరుగా గుర్తుపట్టడానికి ఊరివాళ్లు మారుపేర్లు పెట్టుకునేవారు. జోసెఫ్ బ్రూసార్‌ను బోసొలెయ్ అన్నట్టు. ఆ మారుపేరే తర్వాతి రికార్డుల్లో ఇంటిపేరు స్థానంలో కూర్చోవచ్చు, కాబట్టి రెండింటినీ వెతకాలి. ప్రవాసంలో స్పెల్లింగులు ఇంకా చెదిరిపోయాయి. లూసియానాలో బూద్రో చివర ఒక ఎక్స్ చేరింది. ఇంగ్లీషు మాట్లాడే ఊళ్లలో ప్వారియే పెర్రీ అయ్యాడు, లెబ్లాన్ వైట్ అయ్యాడు, రువా కింగ్ అయ్యాడు, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో ఓక్వాన్ వెడ్జ్ అయ్యాడు. మసాచుసెట్స్ గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. అందుకని ఏ పేరునైనా ఇంగ్లీషు చెవితో పైకి చదువుకుని, వచ్చిన రూపాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, అన్నింటితోనూ వెతకండి. మనకొక వెసులుబాటుంది. ఫ్రెంచ్ చర్చి రికార్డుల్లో ఆడవాళ్లు పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే ఉంటారు. ఆ ఒక్క అలవాటు ఎన్నో చిక్కుముడులు విప్పుతుంది.

రికార్డుల సంగతికొస్తే, ప్రవాసానికి ముందువి రెండు రకాలు. జనాభా లెక్కలు, చర్చి రిజిస్టర్లు. పేర్లతో సహా దొరికే తొలి లెక్క 1671 నాటిది, ఫాదర్ లోరాన్ మొలాన్ ఇంటింటికీ తిరిగి రాసింది. అందరూ చేతులు కట్టుకుని జవాబు చెప్పలేదు. పీపాలు చేసే పియేర్ లనూ తాను బాగానే ఉన్నానని, వయసు మాత్రం చెప్పనని కబురు పంపాడు. దర్జీ పని చేసే పియేర్ మెలాన్సన్ కూడా మొండికేశాడు. ఫాదర్ ఆ మాటల్ని అలాగే రాసేశాడు. పన్నుల భయం అప్పుడూ ఉండేదన్నమాట. తర్వాత 1686, 1693, 1698, 1714లలోనూ లెక్కలున్నాయి. ఫ్రెంచివాళ్ల కోట లూయీబూర్ ఉన్న దీవికీ, ఇప్పటి ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌కూ 1752లో లా రోక్ రాసినది మరీ విలువైనది, ఎందుకంటే 1758లో అక్కడివాళ్లను తరలించడానికి ఆరేళ్ల ముందు ఆ దీవుల్లో ఎవరెక్కడ ఉన్నారో అందులో తెలుస్తుంది. లెక్కల్లో వయసులను మాత్రం గట్టిగా నమ్మకండి. పదేళ్ల తేడాతో రాసిన రెండు లెక్కల్లో ఒకే మనిషికి ఏడేళ్లే పెరిగి ఉండొచ్చు.

చర్చి రిజిస్టర్లు అన్ని ఊళ్లవీ మిగల్లేదు. పోర్ట్ రాయల్‌ది, అంటే తర్వాతి అనాపొలిస్ రాయల్‌ది, 1702 నుంచి 1755 దాకా హాలిఫాక్స్‌లోని నోవా స్కోషియా ఆర్కైవ్స్‌లో ఉంది. పేజీల బొమ్మలతో సహా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. గ్రాన్ ప్రేలోని సెయింట్ చార్లెస్ రిజిస్టర్ల కథే వేరు. 1707 నుంచి 1748 దాకా ఉన్న ఆ పుస్తకాలను జనం తమతో ప్రవాసానికి మోసుకుపోయారు. మేరీలాండ్ మీదుగా లూసియానా చేరిన ఆ పుస్తకాలు ఇప్పుడు బాటన్ రూజ్ మేత్రాసనం ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కెనడా ఊరి రికార్డు కోసం లూసియానాకు రాయాలన్నది కొత్తవాళ్లకు తట్టదు. పిసిగీద్, కోబెకిద్ ఊళ్ల రిజిస్టర్లు పోయాయి. మీ క్లయింటు వంశం అక్కడిదైతే ఆ మాట ముందే చెప్పి, గంటల అంచనా పెంచి ఇవ్వండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఓడలు ఎటు వెళ్లాయో తెలియకుండా మనిషిని వెతకలేం. 1755లో ఎక్కించినవాళ్లను మసాచుసెట్స్, కనెక్టికట్, న్యూయార్క్, పెన్సిల్వేనియా, మేరీలాండ్, వర్జీనియా, కరోలినాలు, జార్జియాలకు పంపారు. వర్జీనియా వీళ్లను ఉంచుకోనంది. 1756లో అక్కడినుంచి ఇంగ్లండుకు తోలేస్తే, 1763 దాకా లివర్‌పూల్, బ్రిస్టల్, సౌతాంప్టన్, ఫాల్మత్ రేవుల్లో గడిపి, శాంతి ఒప్పందం తర్వాత ఫ్రాన్సులోని సాన్ మాలో, మోర్లే చేరారు. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో ఉన్నవాళ్లను 1758లో లూయీబూర్ పడిపోయాక నేరుగా ఫ్రాన్సుకు పంపారు. ఆ డిసెంబరులో వయొలెట్, డ్యూక్ విలియం అనే రెండు ఓడలు నడిసముద్రంలో మునిగి వందలమంది పోయారు. ఒక కుటుంబం 1758 తర్వాత ఒక్కసారిగా మాయమైతే ఆ సంగతి గుర్తుంచుకోండి. మసాచుసెట్స్, కనెక్టికట్‌లకు వెళ్లినవాళ్లలో చాలామంది 1766 తర్వాత క్యూబెక్ వెళ్లారు. హాలిఫాక్స్‌లో బందీలుగా ఉన్నవాళ్లలో బోసొలెయ్ బ్రూసార్ వెంట వెళ్లినవాళ్లు 1765లో లూసియానా చేరారు. మేరీలాండ్‌వాళ్లు ఆ తర్వాతి అయిదేళ్లలో అక్కడికే వచ్చారు. ఫ్రాన్సులో మిగిలినవాళ్లలో సుమారు 1,600 మందిని 1785లో ఏడు ఓడలు లూసియానాకు చేర్చాయి.

దీన్ని పటంలా గోడకు పెట్టుకోండి. క్లయింటు కుటుంబం ఎక్కడ తేలిందో చూస్తే వెనక ఏ దారి ఉండొచ్చో, ఏ ఆర్కైవ్స్ తెరవాలో తెలుస్తుంది. మసాచుసెట్స్ దారైతే ఆ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో 23, 24 సంపుటాలు చూడాలి. ఫ్రెంచ్ న్యూట్రల్స్ పేరుతో వీళ్ల అర్జీలు, ఊరి పెద్దలు వీళ్ల తిండికి, కట్టెలకు, వైద్యానికి ఖర్చయిందని పంపిన బిల్లులు అందులో ఉన్నాయి. మగవాడు కర్రలు కొట్టలేకపోతున్నాడని, ఫలానా ఆవిడ ముసలిదని, పిల్లలింతమందని ఆ బిల్లుల్లో రాసి ఉంటుంది. ఖజానా నుంచి డబ్బు రాబట్టుకోవడానికి రాసిన ఆ కాగితాల్లో కుటుంబం మొత్తం కనిపిస్తుంది. 1763లో ఫ్రాన్సుకు వెళ్తామని ఆయా కాలనీల్లోని అకేడియన్లు తయారుచేసి పంపిన జాబితాలు కూడా ఉన్నాయి. మేరీలాండ్, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్ జాబితాలు తప్పకుండా చూడండి.

ఇక్కడ నా గట్టి అభిప్రాయం ఒకటి చెబుతాను. ఒక మనిషిని వెతికితే దొరకడు, గుంపును వెతకాలి. గ్రాన్ ప్రే నోటరీ రెనే లెబ్లాన్‌కు ఇరవైమంది పిల్లలు, నూటయాభై దాకా మనవలు. అంత కుటుంబంలోంచి భార్యను, ఆఖరి ఇద్దరు పిల్లలను మాత్రమే ఆయనతో పాటు న్యూయార్క్‌లో దింపారని, తర్వాత ఫిలడెల్ఫియాలో ఇంకో ముగ్గురు పిల్లల్ని కలుసుకున్నాడని, అక్కడే పోయాడని ఫిలడెల్ఫియా అకేడియన్లు రాజుకు రాసుకున్న అర్జీలో ఉంది. అలా విడిపోయినవాళ్లు తర్వాత ముప్పయ్యేళ్లు ఒకరినొకరు వెతుక్కుంటూ తిరిగారు. అందువల్ల మీ మనిషి పక్కన ఎవరున్నారో రాసుకోండి. పెళ్లి సాక్షులు, పిల్లల జ్ఞానస్నానంలో జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి, జాబితాలో పైపేరు, కిందిపేరు. ఆ మనుషులే 1752 లెక్కలోనో, విన్‌స్లో జాబితాలోనో మళ్లీ పక్కపక్కన కనబడితే మీ వంతెనకు మొదటి స్తంభం పడినట్టే. గుంటూరు, ఏలూరు వైపు కతోలిక కుటుంబాల్లో పెరిగినవాళ్లకు జ్ఞానస్నానం రిజిస్టరు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మిగతావాళ్లు ఒకసారి ఎవరినైనా అడిగి చూడండి, పని తేలికవుతుంది.

ఇంకో పనిముట్టు చుట్టరికపు మినహాయింపు. మనకైతే వరస కుదిరితే మేనమామ కూతురైనా పర్లేదు. ఆ రోజుల కతోలిక చర్చిలో నాలుగో తరం దాకా రక్తసంబంధం ఉంటే పెళ్లికి ప్రత్యేక అనుమతి కావాలి. అన్నదమ్ములు మొదటి అంతస్తు, వాళ్ల పిల్లలు రెండు, మనవలు మూడు, మునిమనవలు నాలుగు. అకేడియన్లందరూ చుట్టాలే కాబట్టి ప్రవాసం తర్వాతి పెళ్లి రికార్డుల్లో ఫలానా అంతస్తు మినహాయింపు ఇచ్చామన్న మాట అడుగడుగునా తగులుతుంది. పైపైన చదివేవాళ్లు దాన్ని దాటేస్తారు. మీరు దాటకండి.

ఉదాహరణకు క్యూబెక్‌లో 1770 ప్రాంతంలో జరిగిన పెళ్లి అనుకుందాం. పెళ్లికొడుకు తల్లి పేరు మరీ లాండ్రీ అని మాత్రమే ఉంది. ఆ పేరుతో అరడజను మంది ఉన్నారు. రికార్డులో ఇద్దరికీ మూడో అంతస్తు చుట్టరికానికి మినహాయింపు ఇచ్చినట్టుంది. అంటే ఇద్దరికీ ఒకే ముత్తాత, ముత్తవ్వల జంట ఉండాలి. పెళ్లికూతురి వైపు నాలుగు ముత్తాత జంటలూ మీకు తెలుసు. పెళ్లికొడుకు తండ్రి వైపు రెండు జంటలూ తెలుసు, అవి ఈ నాలుగింటిలో దేనితోనూ కలవవు. అప్పుడు చుట్టరికం తల్లి వైపు నుంచే రావాలి. అంటే ఆ మరీ లాండ్రీ ఈ నాలుగు జంటల్లో ఒకదానికి మనవరాలు. అరడజను మంది మరీలలో అలా సరిపోయేది ఒక్కతే అయితే, ఆమె పుట్టుక రికార్డు పోయినా తల్లిదండ్రులెవరో మీకు తెలిసిపోయింది. ఇద్దరు సరిపోతే ఇంకో పిల్లవాడి పెళ్లిలో ఇంకో మినహాయింపు దొరుకుతుందేమో చూడాలి. ఈ లెక్క కాగితం మీద గీసి చూపిస్తే క్లయింటుకు మీ మీద గురి కుదురుతుంది. ఫాదర్లు కూడా కొన్నిసార్లు అంతస్తు తప్పుగా రాశారు, కాబట్టి ఒక్క మినహాయింపు మీదే వంశం మొత్తం నిలబెట్టకండి.

ఫాదరే లేని కాలనీల్లో సాక్షుల ముందు మాట ఇచ్చిపుచ్చుకుని కాపురం చేసినవాళ్లున్నారు. పదేళ్ల తర్వాత కతోలిక ప్రాంతానికి చేరాక ఆ పెళ్లిని చర్చి చెల్లుబాటు చేసేది, పిల్లలకు ఒకేరోజు జ్ఞానస్నానం ఇచ్చేది. కాబట్టి పెళ్లి తేదీ 1767 అని ఉండి, పెద్దకొడుకు 1758లో పుట్టాడంటే గుమస్తా తప్పు అనుకోకండి. ఒకే రోజు అయిదుగురికి జ్ఞానస్నానం అయితే కవలలూ కారు.

ఫ్రాన్సు దారిలో ఒక నిధి ఉంది. 1765లో 78 అకేడియన్ కుటుంబాలను బెల్ ఈల్ దీవిలో దింపారు. రిజిస్టర్లు పోయాయి కాబట్టి 1767లో ఇంటిపెద్దలను కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి, మీరు ఎవరి పిల్లలు, తాతలెవరు, తోబుట్టువులు ఇప్పుడు ఎక్కడున్నారు అని అడిగి రాయించారు. పేర్లు, ఊళ్లు, ఏ ఓడలో ఎటు పోయారన్నది కూడా వస్తుంది. మీ క్లయింటు పూర్వీకుడు బెల్ ఈల్ చేరకపోయినా అతని అన్నో, మేనత్తో అక్కడ ఉండి అతని గురించి చెప్పి ఉండొచ్చు. అయితే పాత తరాల మాటకొచ్చేసరికి అవి విన్న మాటలే. తాత సంగతి నమ్మొచ్చు, ఆయన తాత సంగతి ఇంకో కాగితంతో సరిచూసుకోవాలి.

చదవడం నేర్చుకోవాలంటే మన ముంగిట్లోనే బడి ఉంది. యానాం ఫ్రెంచ్ పాలన నాటి పుట్టుక, పెళ్లి, చావు రిజిస్టర్లు ఫ్రాన్సులో ఎక్స్-అన్-ప్రొవాన్స్‌లోని సముద్రాంతర ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. లూయీబూర్ చర్చి రిజిస్టర్లు ఉన్నదీ అదే సంస్థ దగ్గర. తెలుగు ఇంటిపేర్లు మీకు ముందే తెలుసు కాబట్టి ఫ్రెంచ్ గుమస్తా చేతిరాత యానాం పుటల మీద తొందరగా పట్టుబడుతుంది. ఆ తర్వాత పద్దెనిమిదో శతాబ్దానికి వెళ్లండి. అక్కడ ఒక గుంట ఉంది. 7 అంకె వేసి పక్కన చిన్నగా బ్ర్ అని రాస్తే అది జులై కాదు, సెప్టెంబరు. 8 అయితే అక్టోబరు, 9 నవంబరు, ఎక్స్ ఉంటే డిసెంబరు. పేరు ముందు ఫ్యూ అని ఉంటే ఆ మనిషి అప్పటికే పోయాడని. తండ్రి ఏ సంవత్సరానికి ముందు పోయాడో పిల్లల పెళ్లిళ్లలోంచి ఇలాగే తేలుస్తాం. 1752 సెప్టెంబరు దాకా ఇంగ్లీషువాళ్ల తేదీకీ, ఫాదర్ల తేదీకీ పదకొండు రోజుల తేడా ఉందని కూడా గుర్తుంచుకోండి.

పుస్తకాల విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. 1714 దాకా అయితే స్టీఫెన్ వైట్ 1999లో వెలువరించిన రెండు సంపుటాల నిఘంటువు ముందు పెట్టుకోండి. మాంక్టన్ విశ్వవిద్యాలయపు అకేడియన్ అధ్యయన కేంద్రంలో ఏళ్ల తరబడి చేసిన పని అది, ప్రతి వాక్యానికీ ఆధారం చూపిస్తాడు. బోనా ఆర్సెనో పుస్తకాలు సులువుగా దొరుకుతాయి, అందరూ అవే ఎత్తి రాస్తారు, తప్పులూ అందులోనే ఎక్కువ. దారి వెతుక్కోవడానికి వాడండి, ఆధారంగా వాడకండి. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షాలకూ అదే మాట. నలభై చెట్లలో ఒకే తండ్రి పేరు ఉంటే అది నలభై సాక్ష్యాలు కాదు, ఒకరిని చూసి ఒకరు ఎక్కించుకున్నది.

డీఎన్ఏ పరీక్ష గురించి అడిగితే, లాభం ఉంది గానీ అనుకున్నంత లేదనండి. తరతరాలుగా చుట్టాల్లోనే పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు కాబట్టి, పరీక్షలో దగ్గరి బంధువులా కనబడే మనిషి నిజానికి అయిదారు దారుల్లో దూరపు చుట్టం కావచ్చు. తల్లి వైపు వరసను మాత్రమే చూపే మైటోకాండ్రియా పరీక్ష కొన్ని ఇంటి ఆడవాళ్ల మూలం తేల్చడానికి నిజంగా పనికొచ్చింది. మిక్మా ఆదివాసీ పూర్వీకురాలు ఉందని రాసిమ్మనే క్లయింట్లు కూడా వస్తారు. కొన్ని కుటుంబాల్లో ఉన్నమాట నిజమే. కాగితం చూపించలేకపోతే రాయకండి, ఆ రిపోర్టు పట్టుకుని వాళ్లు ఏ హక్కులు అడుగుతారో మీ చేతిలో ఉండదు.

డబ్బు మాట. మొత్తం వంశానికి ఇంత అని ఎప్పుడూ ఒప్పుకోకండి, విడతలవారీగా గంటలకు ఒప్పందం రాసుకోండి. మొదటి విడత ప్రశ్న చిన్నదిగా ఉండాలి: 1785లో ఫలానా ఓడ దిగిన మనిషి, 1752 లెక్కలో కనబడే పిల్లవాడు ఒక్కరేనా కాదా. వెతికి దొరకని గంటకు కూడా డబ్బు తీసుకోవాలి, అందుకే ఏ రిజిస్టరు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా చూశారో, ఏ స్పెల్లింగులతో చూశారో రోజూ రాసుకోండి. అమెరికాలో వృత్తి వంశచరిత్రకారుల ధ్రువీకరణ బోర్డు పాటించే ప్రమాణం ఒకటుంది. తగినంత విస్తృతంగా వెతకడం, ప్రతి మాటకూ ఆధారం చూపడం, ఆధారాలను తూచడం, ఒకదానికొకటి ఎదురైతే తేల్చడం, తీర్పును రాసిపెట్టడం. సర్టిఫికెట్ తర్వాత తీసుకున్నా ఆ అయిదూ మొదటి ఫైలు నుంచే పాటిస్తే మీ రేటు అడగడానికి మొహమాటం ఉండదు. వృత్తి వంశచరిత్రకారుల సంఘంలో సభ్యత్వం తీసుకుంటే క్లయింట్లకు మీ పేరు కనబడుతుంది.

రిపోర్టులో మూడు మాటలే వాడండి: నిరూపితం, సంభావ్యం, తేలలేదు. తేలలేదని రాయడానికి సిగ్గుపడకండి, ఈ ఫైళ్లలో అది తరచుగా వచ్చే జవాబే. దాని కింద ఇంకా చూడాల్సిన రిజిస్టర్ల పేర్లు, అవి ఎక్కడ ఉన్నాయి, రెండో విడతకు ఎన్ని గంటలు పట్టొచ్చు అని రాసి, ఇన్‌వాయిస్ ఆ రిపోర్టుతోనే పంపండి.